మా నాన్న కొన్న టైర్లు

కార్ల పోటీకి చక్రాలు, టైర్లు ఎలా ఎంచుకోవాలో మా వదినకు తెలిసినంతగా నరసరావుపేటలో ఇంకెవరికీ తెలియదని ఇప్పటికీ పందెం కాస్తాను. ఆ తెలివితేటలు చూపించుకోవడానికి ఆమెకు ఒక్కటంటే ఒక్క అవకాశం వచ్చింది. అది కాస్తా మా ఇంటివాళ్ళ ప్రేమ వల్లే పాడైంది.

మాది నాపరాయి లారీల ఇల్లు. నాన్న మాచర్ల వైపు క్వారీల నుంచి రాయి తోలించేవాడు. అన్నయ్య ఆ లారీల వెంటే తిరిగేవాడు కాబట్టి ఇంట్లో ఉన్న చిన్న కారు ఎప్పుడూ ఖాళీయే. వదిన పెళ్ళికి ముందే డ్రైవింగ్ నేర్చుకుని వచ్చింది. కోడలు కారు నడపడం నాన్నకు నచ్చేది కాదు. అలాగని వద్దనీ అనేవాడు కాదు. ఆమె తాళాలు తీసుకోగానే పేపరు ముఖానికి అడ్డం పెట్టుకునేవాడు, అంతే.

ఊరి బయట మిర్చి నిల్వచేసే కోల్డ్ స్టోరేజీ ఒకటుంది. సీజన్ అయిపోతే దాని ముందున్న సిమెంటు యార్డులో పురుగు కూడా ఉండదు. కార్ల పిచ్చి ఉన్న మాబోటివాళ్ళం ఓనరును బతిమాలుకుని, ఆదివారాలు అక్కడ ప్లాస్టిక్ కోన్‌లు పెట్టి, వాటి మధ్య నుంచి ఒక్కొక్కరం కారు మెలికలు తిప్పేవాళ్ళం. కోన్‌లు పడకుండా ఎవరు తొందరగా తిరిగొస్తే వాళ్ళు గెలిచినట్టు. దీనికి ఆటోక్రాస్ అని పెద్ద పేరుంది లెండి. వదిన మా అందరికంటే వేగం. ఒకసారి హైదరాబాదు నుంచి ఒక క్లబ్బువాళ్ళు వచ్చి చూసి, వచ్చే పోటీలో ఆడవాళ్ళలో మొదట వచ్చినామెను తమ జట్టులోకి తీసుకుంటామన్నారు. ఆ మాట విన్న వదిన, అందరూ వెళ్ళిపోయాక కూడా చీకటి పడేదాకా అక్కడే కారు తిప్పుతూ ఉండిపోయింది. అంత కోరిక ఆమెలో ఉందని నాకు అప్పుడే తెలిసింది.

ఇద్దరం టైర్ల షాపుకు వెళ్ళాం. నేను వెళ్ళీ వెళ్ళగానే తళతళలాడే పెద్ద అల్లాయ్ వీల్స్ మీద పడ్డాను. వదిన మాత్రం ఒక్కో చక్రాన్నీ రెండు చేతులతో ఎత్తి బరువు చూసింది. "పెద్దవి షోకుకి బాగుంటయ్ అబ్బాయ్. చక్రం బరువైతే కారు తిరగటానికీ బద్ధకమే, ఆగటానికీ బద్ధకమే" అంది. చిన్నవీ తేలికైనవీ ఏరింది. తర్వాత టైర్ల మీద గోరు నొక్కి చూసింది. రబ్బరు మెత్తగా ఉండి గోరు దిగితేనే అది మలుపులో నేలను పట్టుకుంటుందట. ఆ చక్రాలకు సరిపోయే మెత్తటి టైర్లు నాలుగు పక్కన పెట్టించి, శనివారం వచ్చి వేయించుకుంటామని చెప్పింది.

ఈ సంగతి షాపువాడి ద్వారా నాన్నకు చేరింది, ఆయన వెళ్ళి ఆ టైర్లు చూసొచ్చాడు. శుక్రవారం పొద్దున మా వాకిట్లో సరుకుల ఆటోకి వేసే రకం మందపాటి టైర్లు నాలుగు, పసుపు కుంకుమ బొట్లతో సహా దిగాయి.

"అయ్యేం టైర్లు అమ్మాయ్, వేలు పెడితే లోపలికి పోతన్నయ్! ఇయ్యి చూడు, రాయి లోడేసి గుట్ట ఎక్కించినా పగలవు. ఆడపిల్లవి, నడిరోడ్డు మీద పంచరై నిలబడితే ఎట్టా?" అన్నాడు నాన్న.

ఆయనకు టైరంటే మోయాలి, పగలకూడదు. జీవితమంతా రాయి మోయించినవాడికి ఇంకోలా తోచదు. పోటీ అయ్యేది యార్డు ప్రహరీగోడ లోపలని, అక్కడ పంచరైతే నాలుగడుగులు నడిచి రావచ్చని చెబుదామని నోరు తెరిచాను. వదిన నా చెయ్యి నొక్కింది.

"చానా బాగున్నయ్ మావయ్యా" అంది.

తర్వాత వంటింట్లో నేను గొడవ పడితే, "పేపరు పక్కన పెట్టి నాతో మాట్లాడింది ఇయ్యాలే. ఇప్పుడు వద్దని ఎట్టా అనేది?" అంది. ఆ సాయంత్రమే పాత చక్రాలకు ఆ టైర్లు వేయించుకొచ్చాం.

పోటీ రోజున నాన్న కూడా వచ్చాడు. కోడలు బండి తోలడం చూడటానికి ఆయన రావడం అదే మొదలు. ఆయన అటు తిరిగినప్పుడు నేను నాలుగు టైర్లలోనూ కాస్త గాలి తీసేశాను, ఆ గట్టి రబ్బరు కొంచెమన్నా నేలకు ఆనుతుందని. కానీ లారీలవాళ్ళకు బండి బయల్దేరే ముందు ఇనప రాడ్డుతో టైర్లు కొట్టి, మోతను బట్టి గాలి చూసుకునే అలవాటు. నాన్న ఊరుకుంటాడా? కొట్టాడు. మోత మందంగా వచ్చింది.

"ఎవడో దరిద్రుడు గాలి తీశాడ్రా!" అని తిట్టి, యార్డులో లారీల కోసం పెట్టిన కంప్రెసరుతో తానే దగ్గరుండి ఫుల్లుగా కొట్టించాడు. వదిన నా వంక చూసి పగలబడి నవ్వింది. ఆమె అంతలా నవ్వడం నేను మళ్ళీ చూడలేదు.

కారు రెండో మలుపులోనే జారింది. సిమెంటు నేల మీద నూనె పోసినట్టు వెనక భాగం పక్కకు పోయి కోన్‌లను ఊడ్చేసింది. వదిన ఎలా నిలబెట్టుకుందో గానీ చివరిదాకా తిప్పింది. కట్టకడపటి స్థానం మాదే. క్లబ్బువాళ్ళు తీసుకెళ్ళిన అమ్మాయి, మామూలు రోజుల్లో వదిన దరిదాపులకు కూడా వచ్చేది కాదు.

నాన్న దగ్గరికొచ్చి, ఎప్పుడూ లేనంత మెత్తగా మాట్లాడాడు. "పోన్లే అమ్మాయ్. ఏదో సరదా పడ్డావు. మనకి రాదని తేలిపోయిందిగా, ఇంక మనసులో పెట్టుకోబాక." ఆ మాట వింటే కడుపు మండిపోయింది. ఎవరి మీద మండాలో మాత్రం తెలియలేదు. వదిన "అట్నే మావయ్యా" అని తాళాలు నా చేతికిచ్చి, వెనక సీట్లో కూర్చుంది.

ఆ టైర్ల వల్లే ఆమె ఓడిందని నాన్నకు ఈ రోజుకీ తెలియదు. చుట్టాలొస్తే కోడలికి పోటీ కోసం తానే టైర్లు కొనిచ్చానని గర్వంగా చెబుతాడు. ఆ గర్వం మీద మట్టి కొట్టడం నా వల్ల కావడం లేదు, ఆయన వదిన మీద జాలిపడుతుంటే భరించడమూ కావడం లేదు.

మొన్న ఆ యార్డులోనే ఆడవాళ్ళకు మళ్ళీ పోటీ పెడుతున్నారని తెలిసి, వదిన దగ్గరికి పరిగెత్తినంత పనిచేశాను. పిల్లలను బడిలో దించి అప్పుడే వచ్చింది.

"ఈసారి నీకు నచ్చిన టైర్లే వేయిద్దాం వదినా" అన్నాను.

"బాగున్నయ్యి తీసేస్తే మావయ్య బాధపడతాడు. అరగనీ, అప్పుడు చూద్దాం" అంది.

నేను వంగి కారు టైర్లు చూశాను. వాటి మీది గాళ్ళు ఇంకా నా వేలు పట్టేంత లోతుగా ఉన్నాయి.