నాలుగు స్క్రూల మీద ఎర్ర చుక్కలు

నిన్న మధ్యాహ్నం మొజంజాహీ మార్కెట్‌లో సీతాఫలం ఐస్‌క్రీమ్ కప్పు పట్టుకుని, కూర్చోవడానికి చోటు దొరక్క, దుకాణం ముందున్న ఫ్రీజర్ మూత మీద మోచేయి ఆనించాను. లోపలి మోటారు గుర్రుమనడం చెవికంటే ముందు ఎముకకు తెలిసింది. మోచేతి నుంచి భుజానికి, భుజం నుంచి దవడకు పాకింది. మన ఇళ్లలోకి వచ్చే కరెంటు సెకనుకు యాభైసార్లు ఊగుతుంది. దానితో నడిచే మోటార్లూ ట్రాన్స్‌ఫార్మర్లూ ఆ ఊపులోనే గుర్రుమంటాయి. బేస్ గిటార్ మీద ‘జి’ అనే స్వరం సెకనుకు నలభై తొమ్మిది. అంటే ఆ ఫ్రీజర్ ‘జి’ కంటే వీసమెత్తు పైన పాడుతోంది. ఈ లెక్క నాకు చదువు చెప్పింది. ఆ వీసమెత్తుతో ఏం చేయాలో యాదగిరి మాస్టారు చెప్పారు. ఆయన నన్ను మోసం చేశారా లేదా అన్నది మాత్రం నేను ఇప్పటికీ తేల్చుకోలేదు.

నేను కొలత పరికరాలను సరిచూసే ప్రయోగశాలలో పనిచేస్తాను. తూకం కాటాలు, ప్రెషర్ మీటర్లు మా దగ్గరకు వస్తాయి. సరిచూసిన తర్వాత వాటి స్క్రూల మీద ఎర్ర లక్క చుక్క పెడతాం. చుక్క చెదిరిందంటే ఎవరో మూత విప్పారని అర్థం. అలాంటి పరికరాన్ని ఇక నమ్మకూడదు, మళ్లీ మొదటి నుంచి చూడాలి. ఈ అలవాటు నాతోపాటు ఇంటికీ వచ్చింది. మా తాతగారు గుంటూరు నుంచి ఉద్యోగానికి వచ్చి నాంపల్లిలో కాపురం పెట్టారు. మూడు తరాలైనా మా ఇంట్లో ‘అండీ’ పోలేదు, రాసి పెట్టుకోవడమూ పోలేదు.

అప్పట్లో మేం నలుగురు మిత్రులం ఒక బ్యాండ్ నడిపేవాళ్లం. నాది బేస్ గిటార్. నాలుగు లావు తీగల వాయిద్యం అది. పాటలో దాన్ని ఎవరూ ప్రత్యేకంగా వినరు కానీ, అది ఆగితే పాట నేల మీద నుంచి లేచిపోయినట్టు ఉంటుంది. మా డ్రమ్మర్ సందీప్ ఒకరోజు కర్రలు పక్కన పెట్టి అన్నాడు, “నువ్వు తప్పు వాయించవురా. గదే ప్రాబ్లమ్. నీ పక్కన కూసుంటే ఇన్విజిలేటర్ ముందు పరీక్ష రాస్తున్నట్టుంది.” రెండు నెలలు చూద్దామన్నారు. అప్పటికీ కుదరకపోతే వేరే అబ్బాయి ఉన్నాడు. అతని పేరు కూడా చెప్పారు, దాచలేదు. ఉద్యోగం కాక నాకంటూ ఉన్నది ఆ బ్యాండ్ ఒక్కటే. రెండు నెలలంటే ఎనిమిది శనివారాలు. నోట్‌బుక్‌లో రాసుకున్నాను.

ఆబిడ్స్‌లో ఒక సందు చివర మోటార్ వైండింగ్ దుకాణం ఉండేది. కాలిపోయిన మిక్సీలు, ఫ్యాన్లు అక్కడికి వస్తే రాగి తీగ మళ్లీ చుట్టి ఇచ్చేవారు. దాని యజమాని యాదగిరి పెళ్లి ఆర్కెస్ట్రాల్లో ముప్పై ఏళ్లు బేస్ వాయించాడని ఎవరో చెబితే వెళ్లాను. బనియన్ మీద, చెప్పుల్లేకుండా, ఒక చేత్తో చుట్టుయంత్రం తిప్పుతూ ఉన్నారు. యంత్రానికి చుట్లు లెక్కపెట్టే మీటరు ఉంది. దాని ముల్లు విరిగిపోయి ఉంది.

“ఇది పనిచేయదు కదండీ, చుట్లు ఎలా లెక్కపెడతారు?” అన్నాను.

“లెక్కపెట్ట. నిండినంక చేతికి ఎరుకైతది,” అన్నారు. “నువ్వేం జేస్తవ్?”

చెప్పాను.

“ఓహో, ఇంజినీర్ సాబ్. కాటాలకు పరీక్ష వెట్టేటోనివి. కూసో.”

ఫీజు ఎంతని అడిగితే వద్దన్నారు. నా మొదటి అనుమానం అదే.

రెండోది, ఆయన బేస్. దానికి మూడే తీగలు. నాలుగోది ఏదని అడిగితే తెగిందన్నారు. ఎప్పుడంటే, “మస్తు దినాలాయె. అవసరం వడలె” అన్నారు. ఏ స్వరం ఎక్కడుందో చూపే తెల్ల గుర్తుల మీద నల్ల కరెంటు టేపు అంటించి ఉంది. మూడోది, శ్రుతి. నా ట్యూనర్‌తో చూస్తే ఆయన తీగలన్నీ ఉండాల్సిన శ్రుతి కంటే, ఒక స్వరానికీ తర్వాతి స్వరానికీ మధ్య దూరంలో మూడో వంతు పైన ఉన్నాయి. అన్నీ అంతే, ఒక్కటీ తేడా లేదు. చెవి బాగాలేనివాడికి అన్ని తీగలూ ఒకే కొలతలో ఎలా తప్పుతాయి? అడిగాను. ఆయన పైకి చూపించారు. మేడ మీద ఎవరిదో పాత స్టెబిలైజర్ ఒకటి రోజంతా గుర్రుమంటూ ఉండేది.

“గది బందు గాదు. దానితోని కొట్లాడుడు ఎందుకు? ఈడ గదే పెద్దమనిషి. దానితోని కలువు.”

నేను నా శ్రుతిలో వాయించి చూశాను. గది గోడలు నాతో గొడవపడుతున్నట్టు స్వరం అలలు అలలుగా వణికింది. ఆయన శ్రుతిలో వాయిస్తే వణుకు పోయింది. కారణం నాకు తెలిసిందే, కొద్ది తేడా ఉన్న రెండు స్వరాలు కలిస్తే అలాగే వణుకుతాయని కాలేజీలో పరీక్షకు రాసిందే. కానీ వాయించేటప్పుడు ఒక్కసారీ గుర్తు రాలేదు. అలాగని ఆయన్ను నమ్మలేదు. ఇలాంటివి ఒకటి రెండు చెప్పి పెద్ద గురువులా నిలబడేవాళ్లను చూశాను.

నాలుగోది అన్నిటికంటే పెద్దది. మొదటి శనివారమే, నేను లేవబోతుంటే, “నీది ఈడ వెట్టి పో. నాది తీస్కపో. వచ్చే శనివారం నాది తెచ్చి వాయించి సూపి” అన్నారు.

“నాది ఇక్కడెందుకండీ?”

“దాని సంగతి తెల్వద్దా నాకు? మనిషిని ఒక్కసారి సూస్తే సాలుతదా?”

మొదటి జీతంతో కొనుక్కున్న బేస్ అది. అయినా అంతకుముందే దాని మీద చాలా ఫిర్యాదులు చెప్పి ఉన్నాను. తక్కువ రకం, గొంతు లేదు, తీగల ఊపును పట్టే లోపలి కాయిల్ బలహీనం అని. అందుకని వద్దనలేక, వచ్చే వారం నుంచి ఇస్తానన్నాను. రెండో శనివారం అప్పగించే ముందు మాత్రం ఇంట్లో దాని వెనక మూతకున్న నాలుగు స్క్రూల మీద ఎర్ర లక్క చుక్కలు పెట్టాను. లోపలి భాగాలు మార్చేస్తారేమోనని. ప్రతి శనివారం సంచి తెరిచి, ఆయన అటు తిరిగినప్పుడు చుక్కలు చూసుకునేవాణ్ని. చెదరలేదు.

ఇంటికి తెచ్చుకున్న ఆయన బేస్ మాత్రం నన్ను కాల్చుకు తింది. తీగలు ఎత్తుగా, గట్టిగా ఉండేవి. రోజంతా రాగి తీగ లాగే ఆయనకే ఆ చేతులు ఉండాలి. గుర్తులు లేక స్వరం ఎక్కడుందో వెతుక్కోవాలి. వెతుక్కోవాలంటే ఆగాలి. ఆగితే ఒక స్వరం ఎంతసేపు ఉంటుందో, ఎప్పుడు పోతుందో వినిపించేది. అది నాకు నచ్చలేదు. టైము వృథా అని రాసుకున్నాను.

అయిదో శనివారం నా బేస్ సంచిలో నాలుగు పసుపు బియ్యపు గింజలు కనిపించాయి. అక్షింతలు. సంచి నిండా వేయించిన జీడిపప్పు, సాంబ్రాణి కలిసిన వాసన. దుకాణంలో మూల కూర్చున్న వాయిద్యం మీదికి ఎవరూ అక్షింతలు వేయరు.

“మాస్టారూ, ఈ మధ్య పెళ్లి కచేరీలు ఏమైనా ఉన్నాయా?” అన్నాను.

“ఏడియి? అందరు డీజేలు వెట్టుకుంటున్రు.”

“రేపు ఆదివారం ఏం చేస్తారు?”

“ఏముంది, ఇంట్ల పండుకుంట.”

అబద్ధమని తెలిసిపోయింది. నా బేస్ దుకాణంలోనే వదిలాను. ఆదివారం పొద్దున్నే ఆబిడ్స్ వెళ్లి, ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరిచే చోట సందు మూలకు ఎదురుగా నిలబడ్డాను. ఒక ఇంజినీరింగ్ పుస్తకం పేజీలు చాలాసేపు తిప్పాను. పుస్తకాలాయన విసుక్కున్నాడు, “కొంటవా, ఈడనే పరీక్ష రాస్తవా?” అప్పుడే మాస్టారు బయటికొచ్చారు. ఇస్త్రీ చొక్కా, కాళ్లకు బూట్లు, భుజాన నా సంచి. పుస్తకం అక్కడే పడేసి వెంట నడిచాను. దారిలో ఆయన టీ తాగారు. ఎవరితోనో నవ్వారు. రెండుసార్లు కుడిచేతి వేళ్లు నలుపుకున్నారు. నాంపల్లి కోర్టుల వైపు తిరిగి ఒక ఫంక్షన్ హాల్లోకి వెళ్లారు.

తాళి కట్టడం అయ్యి, భోజనాలు మొదలయ్యేదాకా బయటే ఉన్నాను. తర్వాత లోపలికి వెళ్లి పెద్ద స్పీకరు వెనక నిలబడ్డాను. వేదిక మీద కీబోర్డు, ప్యాడ్లు, ఇద్దరు గాయకులు, పక్కన మాస్టారు. పాటకు ముందు ఆయన ప్యాడ్లు వాయించేవాడితో ఏదో చెప్పడానికి వెనక్కి తిరిగారు. మూత మీద నాలుగు ఎర్ర చుక్కలు. నాకు ఒళ్లు మండింది. ఏం అనాలో వరుసగా తయారుచేసుకున్నాను. మొదట ఇది నాది అనాలి, తర్వాత ఎన్నిసార్లు వాడారని అడగాలి, తర్వాత ఇచ్చేయమనాలి.

పాట మొదలైంది. ఆయన చాలా తక్కువ వాయించారు. ఒక స్వరం పలికించి, అది హాలు చివరిదాకా వెళ్లి వచ్చేదాకా ఆగినట్టు ఆగి, ఇంకొకటి. గొంతు లేదని నేను రాసిపెట్టిన వాయిద్యం అది. అదే కాయిల్, అవే తీగలు. చుక్కలు చెదరలేదు కాబట్టి లోపల ఏదీ మారలేదని నాకంటే బాగా తెలిసినవాడు ఆ హాల్లో లేడు. స్పీకరు చెక్క నా వీపును నెడుతోంది. తయారుచేసుకున్న వరుసలో రెండోది మర్చిపోయాను.

పాట అయ్యాక మెట్ల దగ్గరికి వెళ్లాను. నన్ను చూసి ఆయన ఏమీ కంగారు పడలేదు.

“మాస్టారూ, అది నాది.”

“ఔ. నీదే.”

“కచేరీల కోసమే నా దగ్గర తీసుకున్నారా?”

“ఔ. నాదాని తీగలు గట్టివి. వేళ్లు వడ్తలెవ్వు ఈ నడుమ.”

“నాకు నేర్పడానికని చెప్పారు కదండీ!”

“గది గూడ ఔ.” జేబురుమాలుతో మెడ తుడుచుకున్నారు. “ఇన్నవా మరి?”

“ఏం వినాలి?”

“నీదాన్ని. గొంతు లేదు, గొంతు లేదని వారంవారం నా పానం దీస్తివి.”

ఆయన పట్టీ తీసి నా మెడలో వేశారు. “రెండో బంతి లేస్తున్నది. ఇంక రెండు పాటలున్నయి. నా వేళ్లు పట్టుకపోయినయ్. నువ్వెక్కు.”

“శ్రుతి?”

“ఆ కీబోర్డు పోరడే ఈడ స్టెబిలైజర్. ఎక్కు జర!”

ఎక్కాను. రెండు మూడు వరుసలు నేను ఎప్పుడూ వాయించినట్టే వాయించాను, అన్ని స్వరాలూ నింపి. కీబోర్డు అబ్బాయి నా వైపు చూశాడు. కింద నిలబడ్డ మాస్టారు చేయి ఊపి బంతుల వైపు చూపిస్తూ అరిచారు. “పాటను సూడకు! వడ్డించేటోళ్ల కాళ్లు సూడు!”

చూశాను. సాంబారు బకెట్లు పట్టుకున్న ఇద్దరు వరుస వెంబడి వెళ్తున్నారు. అడుగు, వంగడం, గరిటె, మళ్లీ అడుగు. వాళ్లు వంగినప్పుడు వాయించడం మానేశాను. అడుగు పడినప్పుడు ఒక్క స్వరం. కొంతసేపటికి నేను వాళ్లను అనుసరిస్తున్నానో, వాళ్లు నా స్వరం మీద నడుస్తున్నారో తెలియలేదు. ఒకడు ఆకు దాటేసి, వెనక్కి వచ్చి సాంబారు పోశాడు. నేనూ వాడితోపాటు ఆగాను. కీబోర్డు అబ్బాయి మళ్లీ నా వైపు చూడలేదు.

ఆ తర్వాత చుక్కలు చూసుకోవడం మానేశాను. నమ్మకం కుదిరి కాదు, చూస్తుంటే సిగ్గేసి. ఎనిమిదో వారం మిత్రుల ముందు ఆయన మూడు తీగల బేస్ మీదే వాయించాను. నాలుగు పాటలూ అయ్యాక సందీప్ కర్రలు ఒళ్లో పెట్టుకుని, “ఛాయ్ తాగుదాం పదండి” అన్నాడు. అంతే. ఆ వేరే అబ్బాయి పేరు మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

శనివారాలు ఇంకొన్ని నెలలు నడిచాయి. ఒక శనివారం వెళ్లేసరికి షట్టర్‌కు తాళం ఉంది. తర్వాతి శనివారమూ అంతే. పక్క జిరాక్స్ దుకాణం ఆవిడ, “ఖాళీ చేసి పోయిండు బాబూ. గౌలిగూడ దిక్కు ఏడనో ఉంటడన్నరు” అంది. ఫోన్ స్విచ్ ఆఫ్. గౌలిగూడలో వైండింగ్ దుకాణాలన్నీ తిరిగాను. ఎవరికీ తెలియదు. నా బేస్ ఆయనతోనే పోయింది. ఆయనది నా గదిలో మిగిలింది. సందీప్ అయితే ఒక్క మాటలో తేల్చేశాడు, “దొబ్బేసిండు.” నేను నోట్‌బుక్‌లో రెండు వైపులా కారణాలు రాశాను. దొంగతనం వైపు ఎక్కువే వచ్చాయి. అబద్ధం చెప్పిన మనిషి. తనది బరువు, నాది తేలిక. తనకు వేళ్లు నొప్పి.

కొన్నాళ్లకు ఆయన బేస్ మీటలు తిప్పుతుంటే గరగరమని శబ్దం రావడం మొదలైంది. శుభ్రం చేద్దామని వెనక్కి తిప్పాను. మూతకు నాలుగు స్క్రూలు. మూడు తుప్పు పట్టినవి. ఒకటి మెరుస్తోంది, దాని తల మీద ఎర్ర లక్క. అంచు పగిలి ఉంది. నేను పెట్టిందే. నా చేతి చుక్క నాకు తెలుసు, ఎప్పుడూ ఎడమవైపు కొంచెం జారుతుంది.

అంటే నేను దొంగచాటుగా చూసుకోవడం ఆయన చూశారు. ఏ రోజు చూశారో తెలియదు. నా వాయిద్యం నుంచి ఆ ఒక్క స్క్రూ తీసి, తన వాయిద్యానికి బిగించి, ఏమీ అనకుండా నా చేతికిచ్చి పంపారు. ఇది నాదని గుర్తుపట్టడానికి నేను పెట్టుకున్న పరీక్ష ఒక్కటే. ఆ పరీక్ష ప్రకారం మూడు తీగల బేస్ నాదే. కానీ మా ప్రయోగశాల నియమం ఇంకొకటి చెబుతుంది, చుక్క చెదిరితే నమ్మకూడదు, మళ్లీ మొదటి నుంచి చూడాలి. నేను నాలుగో తీగ వేయలేదు, టేపు పీకలేదు. ఆ స్క్రూ మీద కొత్త లక్క కూడా పెట్టలేదు.

ఐస్‌క్రీమ్ కరిగిపోయింది. ఫ్రీజర్ మీద నుంచి మోచేయి తీసి, పక్కన ఆనించి పెట్టిన ఆయన బేస్ భుజానికి తగిలించుకుని నాంపల్లి వైపు నడిచాను. దారిలో ఒక ఫంక్షన్ హాల్లోంచి పాట వినిపించింది. ఇలాంటప్పుడు నేను గేటు దగ్గర ఆగుతాను, పిలుపు లేకపోయినా. ముందు కాసేపు వింటాను. తర్వాత వేదిక మీద బేస్ వాయించే మనిషి ఎవరైనా సరే, అతను వెనక్కి తిరిగేదాకా అక్కడే నిలబడతాను. మిగతా మూడు చుక్కలు నేనింకా చూడాలి.