శ్వాస గడిలో ఇరవై

చేయని పనిని చేసినట్లు మీరు రాస్తే, ఆ రాతను నమ్మి ఇతరులు ఒక మనిషిని వదిలేస్తే, మీరు ఎన్నేళ్లు మౌనంగా ఉండగలరు? నేను నాలుగేళ్లు ఉన్నాను. ఇంతవరకు ఎవరికీ చెప్పని ఆ బరువును మీ ముందు దించుతున్నాను.

అప్పుడు నర్సింగ్ రెండో సంవత్సరం. గద్వాలలోని ఒక ఆసుపత్రిలో ఉదయపు శిక్షణ. జ్వరం, నాడి, రక్తపోటు, శ్వాస కొలిచి పట్టికలో రాయాలి. శ్వాసకు మాత్రం ఏ పరికరమూ ఉండదు. రోగి ఛాతీని నిమిషం పాటు చూస్తూ నిలబడాలి. అందుకే విద్యార్థులం ఆ గడిలో అందరికీ నిమిషానికి ఇరవై అని, అంటే మామూలుగానే ఉందని రాసేసేవాళ్లం. అది తప్పని మాలో ఎవరికీ అనిపించలేదు.

ఒక మంచం మీద మానవపాడు నుంచి వచ్చిన తల్లి. విత్తనాల కోసం పెంచే పత్తి చేలో కాలికి గాయమై చీము పట్టింది. పక్కన ఆమె కూతురు, నా ఈడుదే.

"అక్కా, మా అమ్మకు దమ్ము జోరుగొస్తుంది. జర సూడు."

"జ్వరముంటే గట్లనే ఉంటది. బీపీ మంచిగనే ఉంది. నీకు అనిపించేది వేరు, మేం కొలిచేది వేరు."

"మాటలు మస్తు నేర్పిండ్రు మీకు. ఊపిరి లెక్కవెట్టినవా మరి?"

"పెట్టిన. ఇరవై."

ఆ అమ్మాయి తల దించుకుంది. కళాశాల చర్చల్లో ఎదుటివారి నోరు మూయించడం నాకు అలవాటే, అక్కడా గెలిచాను.

పాఠం నాకు తెలియనిది కాదు. గాయంలోని క్రిములు రక్తంలో చేరితే కణాలకు ప్రాణవాయువు చాలదు, ఆమ్లం పేరుకుంటుంది. దాన్ని వెళ్లగొట్టడానికి శరీరం ఊపిరిని వేగిరపరుస్తుంది. రక్తనాళాలు బిగుసుకుని రక్తపోటును కొంతసేపు నిలబెడతాయి. దీన్నే పరిహార దశ అంటారు. అంటే రక్తపోటు బాగున్నట్లు కనిపించినప్పుడు కూడా ఊపిరి నిజం చెబుతుంది. రోగి చెప్పేది లక్షణం, మనం కొలిచేది చిహ్నం అని పరీక్షలో రాసి మెప్పు పొందాను. ఆ ఉదయం నిజంగా గమనించింది కూతురు. ఊహను రాసింది నేను.

వైద్యుడు పట్టిక చూసి, ప్రమాదం లేదనుకుని ముందుకు వెళ్లాడు. మధ్యాహ్నానికి ఆ తల్లి మగతలోకి జారింది. కర్నూలుకు తరలిస్తుండగా దారిలోనే పోయింది. నా ఇరవైని ఎవరూ ప్రశ్నించలేదు. నేనూ నోరు విప్పలేదు.

లెక్కపెట్టి ఉంటే బతికేదా? తెలియదు. బతికేది కాదని వాదించగలను, బతికేదనీ వాదించగలను. కానీ ఆ నిమిషం ఆమెది. దాన్ని నేను ఇవ్వలేదు. పైగా ఇచ్చానని ఆమె బిడ్డకే చెప్పాను. ఈ మాటకు ఎదురువాదం నా దగ్గర లేదు. క్షమాపణ అడగడానికి ఆ అమ్మాయి పేరైనా నాకు తెలియదు.

చెప్పాను కనుక ఇప్పుడు కొంచెం తేలికగా ఉంది. అంతకు మించి ఏమీ మారలేదు.

మీ వాళ్ల మంచం దగ్గరికి మాలో ఎవరైనా పట్టికతో వస్తే, గడియారం పట్టుకుని మీ కళ్లెదుటే ఊపిరి లెక్కపెట్టమని అడగండి. మేము విసుక్కుంటాం. పెద్ద మాటలు చెబుతాం. తల దించుకోకండి, మళ్లీ అడగండి.