గోడ పైసగం

మధ్యాహ్నపు ఎండ కిటికీలోంచి ఏటవాలుగా పడగానే గోడ మీద గీత బయటపడింది. ఛాతీ ఎత్తులో, హాలు ఈ చివర నుంచి ఆ చివర దాకా. గీతకి కింద పెయింటింగ్ మేస్త్రి వేసిన రంగు, పైన అతని బావమరిది వేసిన రంగు. డబ్బా ఒకటే. కానీ పైసగం అంచు ఆరిపోయాక కింది సగం వచ్చి కలిస్తే అతుకు దాగదు.

కాంట్రాక్టర్ తల పక్కకి వంచి చూశాడు.

"ఏంటిది మేస్త్రీ? గోడకి బెల్టు పెట్టావా?"

మేస్త్రికి ఒళ్ళు మండిపోయింది. పైనుంచి కిందికి ఒకే చెయ్యి దిగాలి అని ఇన్నేళ్ళూ పనివాళ్ళ మీద విరుచుకుపడింది తనే.

"గచ్చు, కరెంటు పనులయ్యేసరికి రెండు నెలలు పడుతుంది. అప్పుడు చివరి కోటు నువ్వొక్కడివే వెయ్యి. కుదరలేదా, తలుపులూ గ్రిల్సూ చూసుకుందువుగాని. కూర్చుని చేసుకునే పని" అని కాంట్రాక్టర్ వెళ్ళిపోయాడు.

కూర్చుని చేసుకునే పని! మేస్త్రి ఖాళీ బకెట్‌ని ఒక్క తన్ను తన్నాడు. బావమరిది దాన్ని తీసి నిలబెట్టబోయాడు.

"ముట్టుకోకు. అన్నీ నువ్వే ఎత్తు, నేను చచ్చానుగా!"

మేస్త్రి కుడిచెయ్యి మొరాయించడం చలికాలంలో మొదలైంది. ముందు ప్యాంటు వెనక జేబు అందలేదు. తర్వాత చొక్కా తొడుక్కోవడం యుద్ధమైంది. పనిలో మాత్రం ఎవరికీ తెలియనివ్వలేదు. నిచ్చెన ఇంకో మెట్టు ఎక్కేవాడు. పైకప్పు అంచు ఛాతీకి ఎదురుగా వచ్చేది, చెయ్యి ఎత్తే అవసరమే ఉండేది కాదు. రాత్రిళ్ళు ఆ పక్కకి తిరిగితే ప్రాణం పోయినంత పనయ్యేది. చివరికి భార్య పోరు పడలేక డాక్టర్ దగ్గరికి వెళ్ళాడు. భుజం కీలు చుట్టూ ఉండే పొర వాచి బిగుసుకుపోయిందని చెప్పి డాక్టర్ కీల్లోకి ఇంజెక్షన్ ఇచ్చాడు. నాలుగు రోజులకే నొప్పి సగానికి సగం దిగిపోయింది. అయినా ఇన్ని వారాల తర్వాత కూడా చెయ్యి భుజం దాటి లేవడం లేదు సరికదా, ఇంకా బిగుసుకుంది. ఇప్పుడు నిచ్చెన పట్టుకుని ఎక్కడానికే ఆ చెయ్యి సాయం రావడం లేదు. గోడ పైసగం బావమరిదికి వదిలింది అందుకే.

ఆ సాయంత్రం ఆస్పత్రికి పోట్లాటకి వెళ్ళాడు. వెనకాలే భార్య. డాక్టర్ లేడు. వ్యాయామాల గదిలో ఫిజియోథెరపీ అమ్మాయి ఒక్కతే ఉంది. కోపం ఆమె మీదే కుమ్మరించాడు.

"ఏం సూదమ్మా అది? మందా, నీళ్ళా?"

"నొప్పి తగ్గిందా, లేదా?"

"తగ్గింది. చెయ్యి లేస్తేగా!"

"సూది వేయించుకున్నాక ఏం చేశారు?"

"జాగ్రత్తగా చూసుకున్నా. తువ్వాలుతో మెడకి కట్టుకుని కదలనివ్వలేదు. పుట్టీ పెట్టాక ఆరేదాకా చెయ్యి పెట్టకూడదు. మందైనా అంతేగా, లోపల పట్టాలిగా!"

ఆ అమ్మాయి గొంతు కూడా లేచింది.

"మందు ఆరబెట్టారా? మేస్త్రిగారూ, గోడ కదలక్కర్లేదు, భుజం కదలాలి. సూది పని నొప్పిని అణచడం వరకే. అది అణిగిన రోజుల్లోనే చెయ్యి ఆడించి ఆ పొరని సాగదియ్యాలి. బంగారంలాంటి ఆ రోజులన్నీ తువ్వాల్లో మూటగట్టేశారు!"

"ఆ మాట డాక్టర్ ముందే ఏడవచ్చుగా?"

"ఏడ్చాడు" అంది భార్య. "రెండ్రోజులు బరువులెత్తకు, తర్వాత కిందకెళ్ళి వ్యాయామం నేర్చుకో అన్నాడు. నేను పక్కనే ఉన్నా."

"మరి నువ్వు చెప్పవే?"

"నోరు తెరిచేలోపే అరుస్తావుగా. ఇదిగో, ఇప్పుడు అరుస్తున్నట్టు."

తిట్టడానికి ఇంకెవరూ మిగల్లేదు. మేస్త్రి కుర్చీలో కూలబడ్డాడు.

కొంత వ్యవధి ఇచ్చి డాక్టర్ మళ్ళీ ఇంజెక్షన్ చేశాడు. ఈసారి తువ్వాలు కట్టలేదు. ముందుకి వంగి చెయ్యి వేలాడదీసి ఊపడం, రెండు చేతులతో కర్ర పట్టుకుని పైకెత్తడం, వేళ్ళతో గోడ మీద పాకుతూ చెయ్యి పైకి తీసుకెళ్ళడం. లాగుతున్నట్టు అనిపించేదాకా పొమ్మంది ఆ అమ్మాయి, చీల్చినట్టు నొప్పి వస్తే ఆగమంది. వంటింటి పక్క గోడ దగ్గర రోజూ బూతులే.

"ఎవర్నయ్యా తిట్టేది, గోడనా నన్నా?" అని లోపల్నుంచి భార్య.

"ఇద్దర్నీ!"

వేళ్ళు ముందు గడ్డం ఎత్తు దాటలేదు. తర్వాత కళ్ళ దాకా వచ్చాయి, అక్కడే మొండికేశాయి. మేస్త్రీ మొండికేశాడు. చివరి కోటు రోజొచ్చేసరికి నుదురు దాటాయి.

హాల్లో బావమరిది నిచ్చెన వేసి పట్టుకున్నాడు. మేస్త్రి అలవాటైన మెట్టు దాకా ఎక్కాడు. పైకప్పు అంచు ఛాతీకి ఎదురుగా ఉంది. ఇలాగే లాగించేస్తే ఎవరికీ తెలియదు, భుజానికి తప్ప. ఇన్నాళ్ళూ దాన్ని ఎత్తనివ్వకుండా చెడగొట్టింది ఈ మెట్టే. దాని మీద కూడా కోపమొచ్చింది.

ఒక మెట్టు కిందికి దిగాడు.

రోలర్ పైకెత్తాడు. నుదురు దాటాక భుజం మంటెత్తింది. అంచు ఇంకా జానెడు పైన ఉంది.

"బావా, రోలర్ మీద రంగు ఆరిపోతోంది. పైది నేను పట్టనా?"

"పట్టావంటే డబ్బా నీ నెత్తిన కుమ్మరిస్తా!"

పళ్ళు బిగించి, ఎడంచేత్తో కుడి మోచేతిని కిందనుంచి ఎగదోశాడు. రోలర్ అంచుకి తగిలింది. తగలగానే సర్రున కిందికి లాగుతూ, మెట్లు దిగుతూ నేల దాకా తెచ్చాడు. "నిచ్చెన జరుపు! తడి ఆరకముందే జరుపు!" అంటూ గోడ పొడుగునా అరుస్తూనే ఉన్నాడు.

ఎండ గోడ మీదికొచ్చేవేళకి కాంట్రాక్టర్ వచ్చాడు. తల పక్కకి వంచి వెతికాడు. గీత లేదు.

"ఆ పైమూల పలచగా ఉంది" అన్నాడు.

"తెలుసు. ఇది ఆరనివ్వండి, రేపు సరిచేస్తా. నేనే."

"మరి గ్రిల్స్ ఎవరికి చెప్పమంటావ్?"

"కూర్చుని చేసుకునేవాళ్ళకి చెప్పుకోండి" అని మేస్త్రి అటు తిరిగి, వేళ్ళతో గుమ్మం చెక్క మీద పైకి పాకడం మొదలుపెట్టాడు.