బొట్టు కనిపిస్తే చిల్లే

నా నుదుటికి చిల్లు పడకుండా ఇవాళ మీతో కూర్చుని టీ తాగుతున్నానంటే అది లావణ్య చలవే. కానీ పోయిన వారం ఆ అమ్మాయికి నేను చేసిన పని తలుచుకుంటే, ఆ చిల్లేదో పడి ఉన్నా బాగుండేది అనిపిస్తోంది.

లావణ్య నా క్లాస్‌మేటు. తిరువూరు దగ్గర మా ఇంజినీరింగ్ కాలేజీలో ఫైనలియర్ ప్రాజెక్టు ఇద్దరిదీ కలిపి. కలిపి అంటే, పని ఆమెది, కబుర్లు నావి. విమానం రెక్కకి రేకులు బిగించే రివెట్లు కొట్టాలంటే వేల చిల్లులు పెట్టాలి. అంత రెక్కని మిషన్ దగ్గరికి మోసే బదులు, మిషనే చక్రాల మీద రెక్క దగ్గరికి వెళ్లి డ్రిల్లింగ్ చేస్తుంది. మాది అలాంటి వాటికి చిట్టి తమ్ముడు. టీవీ స్టాండంత బండి, దాని మీద ఒక చెయ్యి, చెయ్యి చివర డ్రిల్లు, పక్కనే కెమెరా. నిలబెట్టిన అల్యూమినియం రేకు మీద నల్ల చుక్క కనిపిస్తే చాలు, సరిగ్గా దాని మధ్యలో చిల్లు పెడుతుంది.

ఆ రోజు విమానం భాగాలు చేసే కంపెనీ నుంచి ఒక సార్ చూడటానికి వస్తున్నారు. నచ్చితే లావణ్యకి ఉద్యోగం. వాళ్ల నాన్న గంపలగూడెం రూట్లో షేర్ ఆటో నడుపుతారు. ట్రిప్పులు మానుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చి ల్యాబ్ గుమ్మం దగ్గర నిలబడ్డారు.

మా ఇంట్లో కొత్త మిక్సీకైనా బొట్టు పెట్టందే స్విచ్ వెయ్యరు. అలాంటిది ఈ మిషన్‌ని ఉత్తినే నడిపిస్తామా? నాలుగు నిమ్మకాయలు, కుంకుమ భరిణె పట్టుకెళ్లాను. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టబోతే లావణ్య ఆపేసింది.

"బండి వెంట్రుకంత జరిగినా చిల్లు పక్కకి పోతుంది. ఈ ఒక్కరోజు దేన్నీ ముట్టుకోకురా, నీకు దండం పెడతాను."

సరేనని నిమ్మకాయలు జేబులో వేసుకున్నాను. ఆమె సార్‌ని తీసుకురావడానికి వెళ్లింది. నిమ్మకాయలు వద్దంది గానీ, కుంకుమ ఊసెత్తలేదు కదా! మిషన్‌కి ఒకటి, రేకుకి పైవరసలో మూడు బొట్లు పెట్టాను. మిగిలింది పారేయడం ఎందుకని నా నుదుటికి రూపాయి బిళ్లంత పెట్టుకున్నాను.

లావణ్య సార్‌తో మాట్లాడుతూ వచ్చి, ఆ హడావుడిలో బొట్లు చూడకుండానే స్విచ్ వేసింది. మొదటి వరస చిల్లులు ముత్యాల్లా పడ్డాయి. సార్ వేలితో తడిమి చూసి తల ఊపారు. గుమ్మం దగ్గర వాళ్ల నాన్న కాలరు సర్దుకున్నారు. అప్పుడు డ్రిల్లు మెల్లగా పైకి లేచింది. మొదటి బొట్టులో చిల్లు. రెండో బొట్టులో చిల్లు. మా కెమెరాకి రంగులు తెలియవట, ఎరుపు కూడా నలుపేనట. నా ప్రాజెక్టు గురించి ఆ సంగతి నాకు అప్పుడే తెలిసింది.

మూడోదైనా కాపాడదామని మిషన్‌కీ రేకుకీ మధ్యలో దూరాను. డ్రిల్లు ఆగింది. కెమెరా నా మొహాన్ని తేరిపార చూసింది. తర్వాత డ్రిల్లు సరిగ్గా నా నుదుటి ఎత్తుకి వచ్చి, గిర్రున తిరుగుతూ ముందుకి కదిలింది. లావణ్య పరుగెత్తి ఎర్ర బటన్ నొక్కేసరికి, డ్రిల్లుకీ నాకూ మధ్య ఒక నిమ్మకాయ పట్టేంత జాగా మిగిలింది.

బొట్లు నేనే పెట్టానని సార్‌తో చెప్పేశాను. ఆయన నన్ను పట్టించుకోకుండా లావణ్య వైపు తిరిగారు.

"మిషన్ తప్పేం లేదమ్మా. కానీ అక్కర్లేని చిల్లు ఒక్కటి పడినా ఆ రెక్క పనికిరాదు. దాని దగ్గరికి ఎవర్ని రానిస్తావో చూసుకోవడం కూడా నీ పనే."

ఇంకో రేకు బిగించి వచ్చే నెల చూపించమన్నారు. ఉద్యోగం మాట ఎత్తలేదు. లావణ్య నన్ను తిట్టలేదు. వాళ్ల నాన్న మాత్రం నా భుజం తట్టి, "పోన్లే బాబూ, మంచి జరగాలనే పెట్టావుగా" అన్నారు. ఆ మాట కంటే డ్రిల్లే నయం.

అప్పటి నుంచి కొత్త రేకు మీద చుక్కలు కొలిచి పెట్టేది నేనే, నోరు మూసుకుని. ల్యాబ్ గుమ్మంలో ఆమె ఒక బక్కెట్టు నీళ్లు పెట్టింది. మొహం కడుక్కుని నుదురు చూపిస్తేనే నాకు లోపలికి ప్రవేశం.

నిన్న నుదురు చూస్తూ అడిగింది, "ఆ రోజు అడ్డంగా ఎందుకు దూరావురా?"

"రేకుకి చిల్లు పడకూడదని. నా తలకి పడి ఉంటే ఏమయ్యేదంటావ్?"

బక్కెట్టు పక్కకి జరిపి నాకు దారిచ్చింది. "ఏమీ అయ్యేది కాదులే. లోపల డ్రిల్లుకి తగలడానికి ఏదైనా ఉండాలిగా."

వారం తర్వాత మొదటిసారి నవ్వింది. నేను ఒప్పేసుకున్నాను. ఆ అమ్మాయి కొలత ఏనాడూ తప్పలేదు మరి.