విడుదల రోజు అక్క చేసే ఫోన్లు

చేవెళ్ల విత్తనాల దుకాణం అక్క పోయిన నెల కన్నుమూసింది. ఆ మంగళవారం పొద్దున నేను మొయినాబాద్‌లో ఎక్కిన మెహదీపట్నం బస్సులో నిలబడి ఉన్నాను. బావ, అంటే అక్క భర్త, ఫోన్ చేశాడు. "తమ్మీ, మీ అక్క లేదిగ" అన్నాడు. జ్వరమని దవాఖానలో చేరిన మనిషి పది రోజుల్లో వెళ్లిపోతుందని ఎవరనుకుంటారు? తరువాతి స్టాపులో దిగి, రోడ్డు దాటి, చేవెళ్ల బస్సు ఎక్కాను.

ఆమె నాకు తోడబుట్టిన అక్క కాదు. మీలో కొందరి కంప్యూటర్లలో తెలుగులో నడిచే మా ఆపరేటింగ్ సిస్టం ఉండే ఉంటుంది. దాన్ని ఏ కంపెనీ తయారు చేయలేదు. ఎవరి ఇంట్లో వాళ్లం కూర్చుని, జీతం లేకుండా, తలా ఒక ముక్క రాస్తాం. ఆ ముక్కలన్నీ ఒకచోట చేర్చి, ఏడాదికి రెండుసార్లు ఫలానా రోజున విడుదల అని చెప్పి, ఆ రోజుకు నిజంగానే బయటికి పంపడం అక్క పని. ఆమె ప్రోగ్రాములు రాసేది కాదు. పెళ్లికి ముందు ఏదో కంప్యూటర్ కోర్సు చేసింది. దుకాణంలో సరుకు చూసుకోవడానికి బావ కంప్యూటర్ కొంటే దాని ముందు కూర్చుంది, అట్లా మాలో కలిసింది. నెట్ కలిపితే ఫోన్ పని చేయని రోజులవి. "మీ ఫోన్ ఎప్పుడు చేసినా ఎంగేజే" అని రైతులు సణిగితే, "జర పనుండె అన్నా" అని నవ్వేసేది.

మొదట్లో విడుదల తేదీలు మేం ఇంజనీరింగ్ పిల్లలమే పెట్టేవాళ్లం. ఒకసారి జూన్ మొదటి వారం అన్నాం. సగంమంది పరీక్షల్లో ఉన్నారు, మిగిలినవాళ్లు పొలాల్లో ఉన్నారు. చెప్పిన రోజుకు చేతిలో ఏమీ లేదు. ఆ తర్వాతే అక్క గోడ మీది క్యాలెండర్ దించి ముందేసుకుంది. ఎవరికి పరీక్షలు ఎప్పుడు, ఎవరింట్లో పెళ్లి ఎప్పుడు, మృగశిర కార్తె ఎప్పుడు, అన్నిటికీ పెన్సిల్‌తో గుర్తులు పెట్టింది. "మృగశిరల నేను పత్తి గింజల నడుమ ఉంట. నన్ను పిలువకుండ్రి" అంది. మిగిలిన ఖాళీల్లోంచి రెండు తేదీలు ఏరింది. "కంప్యూటర్‌కు తీరిక ఎప్పుడూ ఉంటది. మనుషులకు ఎప్పుడుంటదో అది చూడాలె" అనేది. పెద్ద కంపెనీలో ఇన్నేళ్లుగా పని చేస్తున్నా, ప్లానింగ్ గురించి ఇంత తెలివైన మాట నేను మళ్లీ వినలేదు. మా మేనేజర్‌కు ఈ వ్యాసం చూపించకండి.

ప్రతి విడుదలకూ మూడు వారాల ముందు ఇంకో తేదీ ఉంటుంది. ఆ రోజు దాటితే కొత్తది ఏదీ లోపలికి రాదు, ఉన్నవాటిని పరీక్షించి బాగుచేసుకోవడమే. శంకర్‌పల్లి రైల్వే గేటు దగ్గర ఆగీ ఆగీ విసిగిన అక్క దానికి గేటు అని పేరు పెట్టింది. "గేటు పడ్డది" అని అక్క మెయిల్ వచ్చిందంటే ఇక అంతే, ఎవరు బతిమాలినా లేవదు.

నేను బతిమాలాను. అప్పుడు ఇంజనీరింగ్ మూడో ఏడు. తెలుగు అక్షరాలు ప్రింటర్‌లో సరిగా వచ్చేలా చేసే ముక్క నాది. విడుదల చేసే సీడీలో నా పేరు వస్తుందని కాలేజీ అంతా చెప్పాను, ఇంట్లో బాపుకు చెప్పాను, బస్టాండ్ దగ్గర చాయ్ పోసే ఆయనకు కూడా చెప్పాను. పని మాత్రం గేటు పడ్డ రెండు రోజులకు పూర్తయింది.

"రెండు రోజులే గద అక్కా" అన్నాను ఫోన్లో.

"నీకు రెండు రోజులే తమ్మీ. దాన్ని పరీక్ష చేసేటోళ్లకు?"

నన్ను వదిలేసి విడుదల జరిగింది. ఆ రోజే అక్క నుంచి ఫోన్ వచ్చింది. గొంతు వినగానే పెట్టేశాను. విడుదల రోజు అక్క ఎవరెవరికి ఫోన్ చేస్తుందో నాకు అప్పటికి తెలియదు. పని లోపలికి వెళ్లినవాళ్లకు చేయదు, వాళ్ల సంతోషం వాళ్లకు ఎట్లాగూ ఉంటుంది. ఈసారి ఎవరి పని బయట ఉండిపోయిందో వాళ్లకు, ఒక్కొక్కరికీ, తనే చేసేది. తిన్నావా అని అడిగేది. ఇంకేం మిగిలిందో అడిగి తెలుసుకునేది. మళ్లీ గేటు ఎప్పుడో చెప్పి పెట్టేసేది.

మరునాడు మధ్యాహ్నం బస్సు దిగి, మా ఇల్లు అడుగుతూ వచ్చేసింది. అమ్మ చేతిలో చిక్కుడు గింజల పొట్లం పెట్టి, పందిరి ఎటువైపు వేస్తే బాగుంటుందో మాట్లాడుతూ కూర్చుంది. నేను లోపలి గదిలో మూతి ముడుచుకుని ఉన్నాను. అరగంటకు గానీ నా వైపు రాలేదు. వచ్చి, సంచిలోంచి ఒక కాగితం తీసింది. నా ప్రోగ్రాం గేటు బయట ఉన్నా, దుకాణం ప్రింటర్ మీద దాన్ని నడిపి చూసిందట. కాగితం మీద దుకాణం పేరు, దాని కింద ఊరి పేరు ఉన్నాయి. చేవెళ్ల ఒత్తు ఊడిపోయి, కింది వరుసలో ఎక్కడో పడి ఉంది.

తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"నీ పని బాగలేదని కాదు తమ్మీ" అంది అక్క. "బాగున్నదని నీకొక్కనికే తెలుసు. ఇంకో ఇద్దరికి తెలిసేదాక ఆగాలె." అప్పుడు నవ్వింది. "ముందుగాల ఆ ఒత్తు తెచ్చి మా ఊరికి అతికియ్."

తరువాతి విడుదలలో నా ముక్క ఎక్కింది. ఆ రోజు అక్క నుంచి ఫోన్ రాలేదు. నిజం చెప్పొద్దూ, కొంచెం వెలితిగానే అనిపించింది.

రెండేళ్ల కింద గేటు పనిని నాకు అప్పగించింది. "ఇగ నువ్వు చూస్కో. నాకు రాయాలని ఉన్నది" అంది. కొత్తగా కంప్యూటర్ ముందు కూర్చునేవాళ్లకు ఏది ఎట్లా చేయాలో చెప్పే సాయం పేజీలు, మన ఇళ్లల్లో మాట్లాడుకునే తెలుగులో రాయడం మొదలుపెట్టింది. ఒక్కో వాక్యం రాసి, దుకాణంలో బస్తాల పక్కన కూర్చునే అత్తగారికి చదివి వినిపించేది. ఆ అవ్వకు చదువు రాదు, కంప్యూటర్ ముట్టి ఎరగదు. విని అర్థమై ఆమె "సమజైంది" అంటే వాక్యం ఉంటుంది, లేకపోతే పోతుంది. మా జట్టు మొత్తంలో అంత కఠినంగా పరీక్షించే మనిషి ఇంకొకరు లేరు.

అక్క పోయిన నాలుగో రోజున గేటు. పేజీలు సగంలో ఉన్నాయి. మా వాళ్లందరిదీ మెయిళ్లలో ఒకటే మాట, ఉన్నవి ఉన్నట్టు అక్క పేరుతో పెడదామని. నాకూ అదే కావాలనిపించింది. పెట్టేద్దామనే కూర్చుని చదివాను. పాతదంతా తుడిచేసి కొత్తగా మా సిస్టం ఎక్కించుకోవడం ఎట్లాగో చెప్పే పేజీ సరిగ్గా తుడవడం దగ్గరే ఆగిపోయింది. మీ ఫైళ్లు ముందు వేరేచోట దాచుకోండి అనే మాట అక్క ఇంకా రాయలేదు. ఆ పేజీని నమ్ముకుని చేసినవాళ్ల పెళ్లి ఫొటోలు, పిల్లల ఫొటోలు అన్నీ పోతాయి. మిగతాది నేనే రాయవచ్చు. కానీ మిగిలిన సగం పేజీలు రాసి, అవి బాగున్నాయని ఇంకో ఇద్దరికి తెలిసేసరికి గేటు పడిపోతుంది.

అక్క పేజీలు ఈసారి ఎక్కవని రాసి పంపాను. "నిన్ను ఇంతవాణ్ణి చేసిన మనిషినే బయట నిలబెట్టావు" అని ఒకాయన జవాబు రాశాడు. ఆఫీసు మెట్ల మీద కూర్చుని ఏడ్చాను.

విడుదల అనుకున్న రోజుకే అయింది. ఈసారి బయట ఉండిపోయినవాళ్లు ముగ్గురు. ఇద్దరికి ఫోన్ చేశాను. మూడో పేరు అక్కది. అది ఫోన్లో అయ్యే మాట కాదని చేవెళ్ల వెళ్లాను.

దుకాణంలో బావ ఒక్కడే గిరాకీ చూసుకుంటున్నాడు. చెప్పగానే చేతిలోని పొట్లం పక్కన పెట్టాడు. "ఎక్కలేదా? నేను చుట్టాలందరికి చెప్పుకున్న గద తమ్మీ" అన్నాడు.

బస్తాల పక్క నుంచి అవ్వ అడిగింది. "ఎందుకు ఎక్కలే నా కోడలిది?"

"పూర్తి కాలేదవ్వా. సగంల ఆగింది."

"ఏడ ఆగింది?"

దుకాణం కంప్యూటర్ ఆన్ చేసి, అక్క రాసిన చివరి వాక్యం చదివాను. "ఉన్నదంతా తుడిచెయ్యాల్నా అని అడుగుతది, తొందరపడకు."

"గిది నాకు చదివింది. సమజైంది" అంది అవ్వ. "తర్వాత?"

తర్వాత ఏమీ లేదు. అవ్వ మాత్రం చెవి ఇటు పెట్టి ఎదురు చూస్తూ ఉంది. నేనే ఒక వాక్యం కొట్టి చదివాను. "ముఖ్యమైన సమాచారాన్ని ముందుగా వేరొక చోట భద్రపరచుకోవాలి."

"సమజ్ కాలే."

చెరిపేశాను. ఇంకోటి రాశాను. అవ్వ తల అడ్డంగా ఊపింది. ఈలోగా బావ గిరాకీని పంపించి, స్టూలు తెచ్చుకుని నా పక్కన కూర్చున్నాడు. కాసేపు తెర వైపు చూశాడు.

"మా ఆమె అయితే గిట్ల చెప్పకపోతుండె" అన్నాడు మెల్లగా. "నీ పిల్లల ఫొటోలు ఏడ దాచినవ్, ముందు అవి చూస్కో అని అంటుండె."

ఆయన అన్నది అన్నట్టే కొట్టాను. పైకి చదివాను. సగంలో ఆపి, మళ్లీ మొదటి నుంచి చదివాను.

అవ్వ కళ్లు మూసుకుని వింది.

"సమజైంది" అంది. "తర్వాత?"