ఎడిత్ మంచం మళ్ళీ కదిలింది

సైలస్ మాస్టారికి ఉన్నది ఒక్కటే పిచ్చి. వంటావిడ ఎడిత్ మంచాన్ని ఒక గదిలో కుదురుగా ఉండనివ్వరు.

యార్క్‌షైర్ కొండల్లో నాలుగు వందల ఏళ్ళ నాటి రాతి ఇల్లు ఆయనది. పైన నాపరాళ్ళ కప్పు, దాని బరువు తలుచుకుంటేనే మెడ పట్టేస్తుంది. ఎడిత్ మొదట్లో అటక గదిలో ఉండేది. ఓ పొద్దున మాస్టారు ఆ గది గోడకున్న పటం ఎత్తి వెనక్కి తొంగిచూసి, మొహం పాలిపోయి, మంచం కిందికి దించమన్నారు. ఎందుకని అడిగితే వాన గురించి మాట్లాడారు. ఆ పూటే తన మంచం అటకెక్కించుకున్నారు.

ఆరేళ్ళలో నాలుగుసార్లు ఇదే తంతు. రోజూ పటాలన్నీ ఎత్తి చూడటం, ఉన్నట్టుండి ఆమెను ఖాళీ చేయించడం, ఆ గదిలో తాను చేరడం. చివరికి ఎడిత్ వీధి తలుపు పక్క గదికొచ్చి పడింది.

అప్పట్నుంచీ ఆమెకు కంటిమీద కునుకు లేదు. మంచం గుమ్మం వైపే జరుగుతోంది, ఇక మిగిలింది వీధే! అరవై రెండేళ్ళ వయసులో ఎవరి పంచన చేరాలి? మాస్టారు కూర బాగుందంటే అది వీడ్కోలు మాటేమోనని వణికేది. గుమ్మం దగ్గర దగ్గితే చాలు, పై ప్రాణాలు పైనే పోయేవి. పెట్టె కూడా సర్దుకుంది పాపం.

ఆ మంగళవారం మధ్యాహ్నం మాస్టారి గదిలో టిక్కుమని చప్పుడైంది. ఆయన హడావుడిగా తాపీమేస్త్రి గార్త్‌ను పిలిపించారు. ఎడిత్ టీ పట్టుకుని బిక్కుబిక్కుమంటూ మెట్లెక్కేసరికి, గార్త్ మాస్టారి మంచం తలవైపు గోడకున్న పటం దించుతున్నాడు. వెనక వేలు దూరేంత పగులు. దానికి అడ్డంగా అతికించిన గాజుముక్క రెండుగా విరిగి ఉంది. గోడ కదిలితే గాజు విరగాలి, అక్కడి మేస్త్రీలు పెట్టే గుర్తే అది.

“మళ్ళీ కదిలిందండీ,” అన్నాడు గార్త్. “ఏ గదిలో గాజు విరిగితే ఆ గదిలోనే పడుకుంటారేంటి మాస్టారూ? వంటిల్లూ, తలుపు పక్క గదీ తప్ప గట్టి చోటు లేదని చెప్పాను కదా.”

ఎడిత్ కప్పుతోనే పగులు దగ్గరికొచ్చి చూసింది. “మరి నాతో ఒక్క ముక్క అనలేదేం?”

మాస్టారి చెవులు ఎర్రబడ్డాయి. “నీకు నిద్ర పడితే ఫిరంగి పేలినా లేవవు కదా ఎడితమ్మా. కూలేముందు చప్పుడు విని, అరిచి లేపడానికి ఒకరుండాలి. చెబితే భయపడతావని...”

ఇన్నాళ్ళూ భయంతో చిక్కి సగమైన ఎడిత్ ఆయన్ని ఎగాదిగా చూసింది. కప్పు కిటికీలో పెట్టి, ఆయన మంచం ఒక కొస పట్టుకుంది.

“గార్త్, ఆ కొస పట్టు నాయనా. వంటింట్లోకి.”

మాస్టారు కంగారుగా వెంటపడ్డారు. పటాలు చూడాలంటే పైనే ఉండాలని గొణిగారు.

“రేపట్నుంచి పటాలు నేను చూస్తాను,” అంది ఎడిత్. “భయపడటం మీ వంతు.”