నువ్వుల నూనె, రెండొందల బార్లు

మా ఇంట్లో శాఖలు పంచుకున్నప్పుడు నాకు గాలి శాఖ దక్కింది. వంట, కరెంటు మనిషితో గొడవ, బంధువుల అలకలు ఇవన్నీ మా ఆవిడవి. స్కూటరు టైర్లకు గాలి పట్టించడం, ఫ్యాన్ రెక్కలు తుడవడం నావి. మూకండపల్లిలో ముప్పై ఏళ్లుగా లేత్ మీద ఇనుము తిప్పుతున్న మనిషికి ఇంతకన్నా పెద్ద శాఖ ఇవ్వకపోవడానికి ఆమె కారణాలు ఆమెకున్నాయి. వాటిలో కొన్ని నాకూ తెలుసు.

మూడేళ్ల కిందట నా శాఖ ఉన్నట్టుండి పెద్దదైంది. ఆవిడ ఒక ఫ్యాక్టరీలో సర్క్యూట్ బోర్డులకు టంకం పెడుతుంది. చీమ కాలంత తీగను చీమ కన్నంత చుక్కతో అతికించే పని. ఒక ఆదివారం తోటి ఉద్యోగిని ఒకామె కృష్ణగిరిలో ఎయిర్ రైఫిల్ క్లబ్బు ఉంది, చూద్దాం రమ్మని తీసుకెళ్లింది. తోడుగా నేనూ వెళ్లాను. నేను పేల్చిన మొదటి గుండు పక్క వరసలో ఉన్నాయన కార్డుకు తగిలింది. ఆయనకు ఆరోజు అదే మంచి మార్కు. ఆవిడ పేల్చినవి ఒక్కటీ నల్ల వలయం దాటలేదు. క్లబ్బు సెక్రెటరీ ఆమె పేరు రాసుకుని, నాకు కుర్చీ వేశాడు. ఇప్పటికీ నాది అదే కుర్చీ.

అరవై గుళ్లు తిరిగినా దొరకని శాంతి తనకు అరవై గుళ్లు పేలిస్తే దొరుకుతోందని ఆవిడ అంటుంది. పోటీలో పేల్చాల్సినవి సరిగ్గా అరవై. మొదటిసారి జిల్లా పోటీలో ఆమె ఏడో స్థానంలో ఆగిపోయింది. రాష్ట్ర పోటీకి వెళ్లేది మొదటి ఆరుగురే. ఆ ఏడు ఆమెను ఏడిపించలేదు గాని, ఏడాదంతా వదల్లేదు. రోజూ షిఫ్టుకు పోయేముందు హాల్లో అరగంట నిలబడి, కర్రను రైఫిలులా భుజానికి ఆనించి, గోడ మీద పెన్సిలుతో పెట్టిన చుక్కకు గురిచూసేది. గుండు లేకుండా, మాట లేకుండా. ఆ అరగంటా నేను కాఫీ కూడా చప్పుడు కాకుండా తాగేవాణ్ని. ఆ పట్టుదల చూసి సెక్రెటరీ, పోటీ అయ్యేదాకా ఉంచుకోమని క్లబ్బు రైఫిలు ఒకటి ఇంటికిచ్చాడు.

ఈ రైఫిలుకు మందుగుండు అక్కర్లేదు. గొట్టం కింద చిన్న సిలిండరు ఉంటుంది, దాంట్లో గాలిని బాగా అదిమి నింపాలి; ఆ ఒత్తిడిని బార్లలో కొలుస్తారు. మీట నొక్కినప్పుడల్లా చిటికెడు గాలి బయటికొచ్చి గుండును తోస్తుంది. గాలి అన్న మాట వినగానే ఆవిడ నా వైపు చూసింది.

"నీ శాఖే గదా," అంది.

నేను సిలిండరు పట్టుకుని నేరుగా మత్తిగిరిలో మా వీధి చివర పంక్చరు షాపుకు వెళ్లాను. షాపతను దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఎంత పెట్టాలప్పా?"

"రెండొందల బార్లు."

"లారీ టైరుకే ఎనిమిది బార్లు పెడతాను సామీ. రెండొందల బార్లు మన హోసూరులోనే లేవు. బెంగుళూరు పోవాల."

అట్లా నేను మత్తూరులో ఉన్న మెకానిక్ దగ్గరికి చేరాను. క్లబ్బు తుపాకులన్నీ ఆయనే బాగుచేస్తాడు. పూర్వం సైన్యంలో ఆయుధాల వర్క్‌షాపులో చేశాడట. ఇప్పుడు పొద్దున టమాటా తోట, మధ్యాహ్నం తుపాకులు. ఆయన నాకు పాత చేతిపంపు ఒకటి ఇచ్చి, కొళాయి గట్టు మీద కూచోబెట్టి పాఠం చెప్పాడు.

"మొదటి మాట. సిలిండరు మూతి ఎదుట నీ మూతి పెట్టొద్దు. రెండోది, పది నిమిషాలు కొట్టినాక పంపు చల్లారేదాకా నువ్వూ చల్లారాల. మూడోది, గేజిలో రెండొందలు చూపిస్తే ఆపు. ఇంకొంచెం పోనీలే అని కొసరు పెట్టేదానికి ఇది కూరగాయల సంత కాదు. గొట్టం ఊడదీసేముందు దాంట్లో గాలి వదిలిపెట్టు. లోపల గాలి ఉండంగా సిలిండరు మెడలో ఏ మరా తిప్పొద్దు."

"సరే అన్నా."

"సిలిండరుకు కూడా వయసుంటుందప్పా. ఈడ తేదీ కొట్టినారు చూడు. అది దాటితే రిటైరే. మనకుమల్లే లాగించుకోని పోయేది లేదు."

"ఇంకేమన్నా ఉందా అన్నా?"

"ఉంది. కానీ అది నీకు చెప్పే పని లేదులే. లేత్ మీద పనిచేసిన మనిషివి."

ఆ చెప్పని మాటే మా కొంప మీదికి తెచ్చింది.

ఆరు నెలలు నేను శ్రద్ధగా కొట్టాను. రెండొందలకు చేరేసరికి పంపులోకి పోయిన గాలి ఎంతో నాలోంచి పోయిన గాలీ అంతే. "గాలి మాటలు తగ్గినాయి, మంచిదే," అని ఆవిడ సంతోషించింది. అంతలో పోటీ దగ్గరికొచ్చింది. ఆదివారం పోటీ. దానికి ముందు శుక్రవారం ఆయుధపూజ.

మా వైపు ఆయుధపూజ ఎట్లా చేస్తారో చెప్పాలి. ఫ్యాక్టరీలో ప్రతి మిషనునూ కడిగి, తుడిచి, గంధం, కుంకుమ పెట్టి, బంతిపూల దండ వేసి, గేటు దగ్గర బూడిదగుమ్మడికాయ కొడతాం. ఆ తరవాత కదిలే ప్రతి చోటా ఒక నూనె చుక్క వేస్తాం. మా మేస్త్రీ నాకు పద్దెనిమిదేళ్ల వయసులో నేర్పిన మాట ఇది: బొట్టు దేవుడికి, నూనె మిషనుకు. ఇంట్లోనూ అంతే. కత్తిపీట, స్కూటరు, మిక్సీ, కుట్టుమిషను, ఆవిడ టంకం కడ్డీ, అన్నీ వరసగా పెట్టాం. నడుమ రాజులాగా రైఫిలు.

ఆవిడ నైవేద్యం తేవడానికి వంటింట్లోకి వెళ్లింది. నేను అన్నిటికీ బొట్లు పెట్టాను. రైఫిలుకు ప్రత్యేకం కదా అని సిలిండరు విప్పి, ఇత్తడి మూతి చుట్టూ కుంకుమ దిద్దాను. తరవాత దీపం కుందిలోంచి నువ్వుల నూనె రెండు చుక్కలు తీసి, సరిగ్గా గాలి పోయే కన్నంలో వేశాను. మిగతావాటికి ఒక్క చుక్కే. మళ్లీ బిగించి, దండం పెట్టుకుని, ఆమెకు ఆరో స్థానమన్నా ఇప్పించు తల్లీ అని మొక్కుకున్నాను. అంతకన్నా పైస్థానం అడగడానికి మొహమాటం వేసింది.

పూజలో పెట్టిన పనిముట్టును ఆ రోజు వాడకూడదు. మర్నాడు విజయదశమికి తిరిగి పూజ చేసి తీయాలి. కాబట్టి శుక్రవారమంతా ఎవరూ రైఫిలును ముట్టలేదు. శనివారం పొద్దున ఆవిడ దాన్ని చేతిలోకి తీసుకుని గేజి చూసింది.

"ఇదో, ఇట్ల రా. మొన్న నిండుగా నింపినావు గదా?"

"నింపినాను."

"తొంభై చూపిస్తా ఉంది."

సబ్బునీళ్లు తెచ్చి సిలిండరు మూతి దగ్గర రాశాను. బుడగలు లేచాయి, చిన్నవి, వరసగా. ముప్పై ఏళ్ల అనుభవం నాలో ఒక్కసారిగా లేచి నిలబడింది. ఓ-రింగు, అదే లోపలి రబ్బరు వలయం, పోయుంటుంది, అదెంత పని, అంటూ స్పానర్ పట్టుకుని సిలిండరు మెడలో ఉన్న మరను బిగించి పట్టాను.

"గాలి తీసినావా?" అంది ఆవిడ.

"ఏం గాలి?"

"లోపల తొంభై బార్లు ఉండంగా మర తిప్పుతావా? ఆయప్ప ఏం చెప్పినాడు?"

ఆవిడ నా చేతిలో స్పానర్ లాక్కుని, బియ్యం డబ్బా వెనక దాచి, మత్తూరుకు ఫోను కలిపింది. అట్లా ముందుగా నా గాలి తీసింది, తరవాత సిలిండరుది తీయించింది. మెకానిక్ ఫోనులో చెప్తుంటే, పెరట్లో సిలిండరు మూతిని గోడవైపు తిప్పి, రైఫిలుతో పాటు ఇచ్చిన, లోపలి వాల్వును నొక్కి గాలి వదిలే చిన్న బిళ్లను మూతికి నెమ్మదిగా బిగిస్తూ పోయాను. గేజి ముల్లు సున్నా మీద పడేదాకా బుస్సుమంటూనే ఉంది. పక్కింటి కుక్క ఆ రోజు మా ఇంటి వైపు రాలేదు.

రైఫిలు తీసుకుని మత్తూరుకు బస్సెక్కాం. పండగ రద్దీ. పొడుగాటి నల్ల పెట్టెను చూసి కండక్టరు, "కచేరీ యాడమ్మా? నాదస్వరమా?" అని అడిగాడు.

"గాలి వాయిద్యమే," అన్నాను నేను. ఆవిడ నవ్వలేదు. కృష్ణగిరిలో బస్సు మారేదాకా పెట్టె మీద చేతులు పెట్టుకుని, పెన్సిలు చుక్కను చూసినట్టు ముందు సీటును చూస్తూ కూచుంది.

మత్తూరులో మెకానిక్ సిలిండరును ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. మళ్లీ చూశాడు. నా వైపు చూశాడు. తెల్లగుడ్డ మొనను మూతిలోకి పోనిచ్చి తిప్పి తీశాడు. గుడ్డ ఎర్రగా, జిడ్డుగా వచ్చింది.

"పూజ బాగా జరిగినట్టుందే," అన్నాడు.

"ఏమిటన్నా అది?" అంది ఆవిడ.

"కుంకుమ రవ్వలు వాల్వు కింద ఇరుక్కున్నాయి తల్లీ. అందుకే కారింది. కారి మంచిదైంది. ఇది చూడు, నువ్వుల నూనె." ఆయన గొంతు తగ్గింది. "డీజిల్ ఇంజినుకు ప్లగ్గు ఉంటుందా అప్పా?"

"ఉండదన్నా."

"మరి ఎట్ల మండుతుంది?"

"గాలిని అదిమితే వేడి పుడుతుంది, ఆ వేడికి నూనె…" అని మొదలుపెట్టి ఆగిపోయాను. మిగతాది చెప్పనక్కర్లేకపోయింది. కారకుండా ఉంటే, నేను ఆ రోజు కొసరు గాలి కొట్టడానికి పంపు బిగించి ఉండేవాణ్ని. పక్కన ఆవిడ నిలబడి గేజి చూస్తూ ఉండేది.

"ఇంత అదిమిన గాలి ఉన్న చోట నూనె చుక్క పెట్టకూడదు, మండి పేలుతుంది. అదే నేను చెప్పని మాట. తప్పు నాదీ ఉంది," అన్నాడాయన. "లేత్ మనిషికి నూనె సంగతి చెప్పేదేమని వదిలేసినా. లేత్ మనిషికే చెప్పాల్సింది."

సిలిండరు మెడకు ఎర్రదారం కట్టి పక్కన పెట్టాడు. అది ఇంక తయారుచేసిన వాళ్ల దగ్గరికే పోవాలి, వాళ్లు శుభ్రం చేసి సరే అనేదాకా దానికి గాలి లేదు అన్నాడు. ఆవిడ ముఖం చూశాను. కోపంగా ఉంటే బాగుండేది. ఏడాదంతా పొద్దున నిలబడిన అరగంటలన్నీ లెక్కేసుకుంటున్నట్టు ఉంది.

"నేనే చేసినాను," అన్నాను. "నీకు ఆరో స్థానం రావాలని మొక్కుకోని మరీ చేసినాను."

"ఆరోదా?" అంది ఆవిడ. "ఆ తల్లిని అడిగేదేదో మొదటిది అడగరాదా?"

మెకానిక్ గట్టిగా నవ్వాడు. లోపలికి వెళ్లి తన సొంత రైఫిలు తెచ్చాడు. అదే రకం. దాని సిలిండరు విప్పి, మీద కొట్టిన తేదీ మాకు చూపించి, అప్పుడు పని మొదలుపెట్టాడు. మా రైఫిలులో కుంకుమ తగిలిన ఓ-రింగు తీసేసి కొత్తది వేశాడు. దానికి వేలి కొనతో ఏదో రాశాడు.

"ఇదేంది అన్నా?" అన్నాను భయంగా.

"సిలికాన్ గ్రీజు. నువ్వుగింజంత. నువ్వుల నూనె కాదు, నువ్వుగింజంత."

తరవాత మా రైఫిలుకు వాడుకోమని తన సిలిండరు, పంపు నా ముందు పెట్టి, తను టమాటాలకు నీళ్లు పెట్టడానికి వెళ్లిపోయాడు. పది నిమిషాలు కొట్టి, పది నిమిషాలు ఆగి, మళ్లీ కొట్టి, రెండొందలకు చేర్చేసరికి సాయంత్రమైంది. ఆవిడ పక్కన కూచుని నాకు మజ్జిగ ఇస్తూ, గేజి చూస్తూ ఉంది. సబ్బునీళ్లు రాశాం. ఒక్క బుడగ లేదు.

"రేపు సెక్రెటరీకి నువ్వే చెప్పాల," అన్నాడు మెకానిక్, మేము బయల్దేరుతుంటే. "సిలిండరు క్లబ్బుది."

ఆదివారం పొద్దున చెప్పాను, కుర్చీలో కూచోకుండా, నిలబడే. సెక్రెటరీ వింటూ వింటూ గది మూలకు చూశాడు. అక్కడ క్లబ్బు గాలి మిషను ఉంది. దానికి బంతిపూల దండ, నిలువునా కుంకుమ బొట్లు. కానీ గాలి పోయే కన్నాలన్నిటికీ పాల కవరు ముక్కలు చుట్టి, రబ్బరు బ్యాండ్లు వేసి ఉన్నాయి.

"ఏటేటా పూజకు ముందు రోజే మత్తూరు ఆయప్ప వచ్చి వీటికి మూతులు కట్టేసి పోతాడు," అన్నాడు సెక్రెటరీ. "మీ ఇంటికి రాలేదా?"

పోటీ మొదలైంది. నేను వెనక నా కుర్చీలో. ఆవిడ ఒక్కో గుండూ టంకం చుక్క పెట్టినట్టు పెడుతోంది. నలభై గుళ్ల దాకా నేను ఊపిరి బిగబట్టాను. అంతసేపు బిగబట్టిన ఊపిరికి దారి కావాలి కదా, నలభై ఒకటో గుండు దగ్గర దగ్గు వచ్చింది. ఆవిడ తిరిగి చూడలేదు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

ఫలితాల కాగితం గోడకు అంటించినప్పుడు నేను కిందినుంచి చదవడం మొదలుపెట్టాను, కిందటిసారి అలవాటు. ఏడో పేరు ఆమెది కాదు. ఆరోది ఆమెది.

"నువ్వు దగ్గకుండా ఉంటే నాలుగోది," అంది ఆవిడ. అయినా ఆ కాగితం ముందు చాలాసేపు నిలబడింది. తిరుగు బస్సులో పెట్టె నా ఒళ్లో పెట్టి నిద్రపోయింది. నిన్నటి కండక్టరే ఎదురై కచేరీ ఎట్లా జరిగిందని అడిగితే, బాగా జరిగిందన్నాను.

ఈ ఏడాది ఆయుధపూజకు ఆవిడే ముందుగా పాల కవరు కత్తిరించి, సిలిండరు మూతికి రెండు రబ్బరు బ్యాండ్లు వేసింది. కుంకుమ భరిణె, నూనె గిన్నె తన దగ్గరే పెట్టుకుంది. క్లబ్బు ఈసారీ ఇంటికిచ్చిన రైఫిలు చెక్క మీద ఒక్క బొట్టు. పంపు పిడికి ఒక బొట్టు. తరవాత నన్ను రమ్మని, వరస చివర మిక్సీ పక్కన కూచోబెట్టి, నా నుదుట బొట్టు పెట్టి, నడినెత్తిన నువ్వుల నూనె ఒక చుక్క వేసి రుద్దింది.

"గాలి కొట్టే మిషను నువ్వే గదా," అంది.

పూజలో పెట్టినదాన్ని ఆ రోజు వాడకూడదు. మధ్యాహ్నం అంగడికి పోయి పెరుగు తెమ్మని ఆమె కేకేసినప్పుడు ఆ మాట గుర్తుచేశాను. నా నుదుటి బొట్టు వైపు ఒకసారి చూసి, ఆవిడే వెళ్లి తెచ్చుకుంది.